ఇంటికి ఏ మెషీన్ మంచిది?

మూడు మెషీన్లలో ఏది ఎత్తుకుపోవాలో సత్యదేవ్‌కు తేలడం లేదు.

స్కూటర్ మీద పట్టేది ఒక్కటే. తప్పుదాన్ని మోసుకుపోతే ఇంత తెగింపూ దండగ. అందుకే ముందు కొనేవాడిలా వెళ్లి, ఏది మేలో యజమాని నోటితోనే చెప్పించుకుందామని బయలుదేరాడు.

యజమాని పేరు విజయేందర్. సైనిక్‌పురిలో సొంతిల్లు. బిట్‌కాయిన్ మైనింగ్ మెషీన్లు కొని, వాటి మంచిచెడ్డలు వీడియోల్లో చెబుతుంటాడు. మెషీన్‌కు కరెంటు, ఇంటర్నెట్ ఇస్తే చాలు. రాత్రీపగలూ లెక్కలు చేసుకుంటూ, ఉన్నచోటునుంచి కదలకుండా కాయిన్లు సంపాదించి పెడుతుంది. ఆ వీడియోలు చూసినప్పటినుంచి సత్యదేవ్‌కు మొబైల్ షాపులో పగిలిన అద్దాలు మార్చే బతుకు మీద రోత పుట్టింది. ఒక్క మెషీన్ చేతికొస్తే చాలు, షాపు షట్టర్ దించెయ్యొచ్చు.

"రండి, జెర చెప్పులు అక్కడ విడవుండ్రి" అంటూ విజయేందర్ మేడమీది గది తలుపు తీశాడు. వేడిగాలి మొహాన కొట్టింది.

"ఇగో, ఇది పాతది. సెకండ్‌హ్యాండ్‌ల ఇరవై వేలకే దొరుకుతది. అగ్గువ అని కొన్నరో, మునిగిన్రు. పని తక్కువ, తాగుడెక్కువ."

"ఏం తాగుతుందండీ?"

"కరెంటు సార్, కరెంటు!" విజయేందర్ పగలబడి నవ్వాడు. "గీ చిన్నది చూడుండ్రి, టిఫిన్ డబ్బా అంతుంటది. సప్పుడు సుత రాదు, మంచం పక్కన పెట్టుకొని పండొచ్చు. కానీ దీని సంపాదన చాయ్ పైసలకు సుత చాలదు."

"మరి ఆ పెద్దదండీ?"

విజయేందర్ దాని మీద చెయ్యివేసి, కొత్త అల్లుణ్ణి పరిచయం చేస్తున్నంత గర్వంగా చూశాడు. "రెండున్నర లక్షలు! ఒక్క యూనిట్ కరెంటుతోని పాతదాని కన్నా నాలుగింతల పని చేస్తది. కాకపోతే రోజుకు ఎనభై యూనిట్లు గావాలె. వచ్చిందంత బిల్లుకే పోతాంది. మా ఇంటామె వార్నింగ్ ఇచ్చింది, ఈ నెల బిల్లు తగ్గకపోతే నన్నూ మెషీన్‌నూ కలిపి బయటేస్తదట."

"ముందు నిన్నే ఏస్తా" అంటూ అతని భార్య స్వర్ణలత చాయ్ కప్పులు పెట్టి వెళ్లింది.

సత్యదేవ్ మనసులోనే తీర్మానించుకున్నాడు. పెద్దదే. బిల్లు సంగతా? అది వచ్చే నెల మాట.

"మీరుండేది యాడ?" అడిగాడు విజయేందర్.

"మల్కాజ్‌గిరండీ."

"ఇంట్ల ఏసీ ప్లగ్గు ఉందా?"

"ఉందండీ. ఏసీయే లేదు."

"మంచిది. మీటర్ మీ పేరు మీదనే?"

"నా పేరు మీదే. సొంత పోర్షనండీ."

"వైఫై?"

"ఇరవైనాలుగ్గంటలూ ఉంటుందండీ."

"అబ్బ! గిట్లాంటి ఇల్లు దొరకాలె గదా!"

వాగుడుకాయ, అనుకున్నాడు సత్యదేవ్. అసలు సంగతి వీడి నోటినుంచే రాబట్టాలి. "సెట్టింగులేమైనా మార్చుకోవాలాండీ?"

"ముట్టనే వద్దు! ముట్టుకుంటే లాక్ పడిపోతది. ప్లగ్గు పెట్టుడు, ఇంటర్నెట్ వైరు గుచ్చుడు, గంతే. మొదటి మూడు నెలలు ఏం కనవడది. లోపల జమైతాంటది. పరేషానయ్యి నడిమిట్ల ఆపిన్రో, మళ్ల మొదటికెళ్లి షురూ."

"ఇది అమ్ముతారా?"

"సోమవారం రాండ్రి, మాట్లాడుకుందాం. ఆదివారం లష్కర్ బోనాలు గదా. పొద్దుగాలనే మా అత్తగారింటికి పోతం, ఇంట్ల ఎవ్వరుండరు."

దిగివస్తుంటే, బయటి మెట్ల తలుపుకు గడియ తప్ప తాళం లేకపోవడం సత్యదేవ్ కంటపడింది. ఈల వేసుకుంటూ స్కూటరెక్కాడు.

ఆదివారం పదకొండింటికి సైనిక్‌పురి వీధి బోసిగా ఉంది. పావుగంటలో పని ముగిసింది. కాళ్ల మధ్య మెషీన్, దాని మీద దుప్పటి. నేరేడ్‌మెట్ చౌరస్తాలో కానిస్టేబుల్ చెయ్యెత్తేసరికి సత్యదేవ్ బ్రేకు నొక్కి, దుప్పటిని ఇంకాస్త కిందికి లాగాడు. నెత్తిన బోనాలతో వస్తున్న ఆడవాళ్లకు దారి ఇమ్మన్నాడంతే. సత్యదేవ్ స్కూటర్ మీదినుంచే భక్తిగా దండం పెట్టుకున్నాడు.

ఇంటికి చేరి ప్లగ్గు పెట్టాడు. వైరు గుచ్చాడు. పచ్చ లైటు వెలిగింది. గదిలో విమానం లేచినంత మోత. పక్క పోర్షన్ వాళ్లు తలుపు కొడితే, "కొత్త వాషింగ్ మెషీనండీ, నెమ్మదిగా అలవాటైపోతుంది" అని పంపేశాడు. చెవుల్లో దూది పెట్టుకుని, వరండాలో చాప పరుచుకుని, కాలు మీద కాలేసుకున్నాడు. మూడు నెలలు ఎంతలో గడుస్తాయి?

సోమవారం పొద్దున స్వర్ణలత మేడమీదినుంచి పరుగున దిగింది.

"ఇగో! పెద్ద మెషీన్ లేదు! ఎవడో దొంగ ఎత్తుకపోయిండు!"

విజయేందర్ తాపీగా చాయ్ తాగుతూ ఫోన్ చూస్తున్నాడు.

"నీకు చెప్పేది! పోలీసులకు ఫోన్ చెయ్యి!"

"చేస్తే ఏమైతది? వాణ్ణి పట్టుకొని, మెషీన్ తెచ్చి మనింట్లనే పెడ్తరు."

"పెట్టనియ్! రెండున్నర లక్షలు పెట్టి కొన్నవ్!"

విజయేందర్ ఫోన్ ఆమె వైపు తిప్పాడు. తెర మీద నాలుగు పేర్లు, ఒక్కోదాని పక్కన ఒక్కో పచ్చ చుక్క. యాప్రాల్, అల్వాల్, తార్నాక, కొత్తగా మల్కాజ్‌గిరి. మొదటి మూడూ, అమ్మేశానని అతను ఆమెకు చెప్పిన మెషీన్లు.

"యాడ నడిచినా కాయిన్లు నా ఖాతాలనే పడ్తయి స్వర్ణా, కరెంటు బిల్లు మాత్రం దొంగలు కట్టుకుంటరు."