కుర్చీ ఉన్నచోట

"ముందువైపు బరువెక్కింది," అన్నాడు ముసలి ఓర్విల్, ట్రక్కు వెనక తగిలించుకుని మేం కాపురముండే ట్రైలర్‌ని కాటా మీద తూచి. ఏటా చలికాలంలో మేం వెచ్చదనం కోసం ఎడారికి బయల్దేరేముందు బరువు చూసి సామాను సర్దించేది అతనే. "వెనకాల్నించి ఏం తీసేశారయ్యా?"

"మా అబ్బాయి చక్రాల కుర్చీ," అన్నాను. బ్యాటరీతో నడిచే ఆ కుర్చీ ఇద్దరం పట్టినా లేచేది కాదు.

అతని మొహం వెలిగింది. "అయితే నడుస్తున్నాడన్నమాట. మొండిఘటమని నేనప్పుడే అనలేదూ?"

నేను ట్రక్కు వైపు తిరిగాను. ట్రక్కు కిటికీలోంచి మా ఆవిడ లోర్నా చెప్పింది.

"పరిగెత్తుకెళ్ళిపోయాడు. ఎంత పిలిచినా వెనక్కి రావట్లేదు."

ఓర్విల్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. మళ్ళీ కాటా అంకెలు చూశాడు.

"కుర్చీ ఉన్నచోట నీళ్ళ డబ్బాలు పెట్టుకోండమ్మా," అన్నాడు. "లోటు పూడుతుందని కాదు. బండి తిన్నగా నడవాలిగా."