పరాయి గౌను

పెరట్లో తీగ మీద పరాయి ఆడదాని గౌను ఆరేసి ఉండటం చూసి, ఇళ్ళల్లో బట్టలుతికే ఆమె తన మొగుడి షెడ్డు తలుపు తోసుకుని లోపలికెళ్ళింది.

"ఏడాదిగా ఇందులో దూరి గడియ పెట్టుకునేది ఇందుకా? ఎవత్తిదా గౌను?"

"పాత బట్టల అంగట్లో కొన్నాను," అన్నాడు లేత్ మెకానిక్ అయిన మొగుడు.

"నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా?"

అతను మూలనున్న గోనెపట్టా ఎత్తాడు. కింద చిరిగిన గౌన్ల గుట్ట. పక్కనే మోటారు బిగించిన పీపా, నిండా సబ్బునురగ.

"వాటన్నిటినీ ఇది చింపేసింది. బయట ఆరేసిన ఒక్కదాన్నే చిరగకుండా ఉతికింది. ఇంకా ఎవరింట్లోనూ లేని యంత్రమిది. ఇదంతా నీ చేతుల కోసమే."

ఆమె పగిలిన తన చేతులకేసి, తర్వాత పీపాకేసి చూసింది.

"ఇది ఇంటింటికీ వస్తే నన్నెవరు పనికి పిలుస్తారు? ఆడదైతే జుట్టు పట్టుకుని గెంటేదాన్ని. దీన్నేం చెయ్యను?"