గుట్ట మీద గవ్వ

వరద తరుముతుంటే చీమలు నోట గుడ్లు కరుచుకుని గుట్ట ఎక్కుతున్నాయి. దారిలో, బండలో ఇరుక్కున్న సముద్రపు గవ్వ ఒకటి కనిపించింది.

ముసలి చీమ గుడ్డు కింద పెట్టి, "చూశారా, జలప్రళయంలో లోకమంతా మునిగిందని పెద్దలు ఊరికే చెప్పలేదు" అంది.

సొరంగాలు తవ్వే చీమ కూడా గుడ్డు దించింది. "కాదవ్వా. సముద్రం అడుగు నేలే మెల్లగా పైకి లేచి ఈ గుట్టయింది. మట్టి పొరలు నేను తవ్వి చూశాను."

"అయితే పెద్దలు అబద్ధాలాడారా?"

నోట గుడ్డుంటే వాదించడం కుదరదు. మిగతా చీమలూ గుడ్లు దించి చెరో పక్క చేరాయి.

ఒక కుంటి చీమ మాత్రం ఆగలేదు.

"నువ్వెవరి వైపే?" అని అడిగాయి. దాని నోట్లో గుడ్డుంది. అలాగే పైకి పాకిపోయింది.

గుడ్డును పైన దాచి అది పరుగున తిరిగొచ్చింది. నీళ్లు చీమల కాళ్ల దాకా వచ్చాయి. వాదన ఇంకా తెగలేదు. దించిన గుడ్లు నీళ్లలో కొట్టుకుపోయి, ఒక్కటీ అక్కడ లేదు.