తంగేడు దండ

ఒక దొడ్డిలో గొర్రెలన్నీ కలిసి పోషణశాస్త్ర సంఘం పెట్టుకున్నాయి. వేసవంతా ఉపన్యాసాలు. వానల్లో ఏ గడ్డి తింటే ఒళ్లొస్తుందో పరిశోధన. తంగేడు పూసేసరికి వార్షిక సభ. ఆ సభలో పోయినవాళ్లకి మౌనం పాటించి, ఆ ఏడు బాగా కండపట్టిన పొట్టేలుకి దండ వేసేవి.

ఈసారి మౌనంలో తల దించుకున్న ముసలి గొర్రె బొల్లమ్మకి ఒక సంగతి తట్టింది. నిరుడు దండ పడ్డవాడికే కదా ఈ మౌనం! ముందటేడూ అంతే. కసాయి వచ్చి, ఒక్కరి వెన్నూ తడమకుండా, దండ ఉన్నవాణ్ణే ఈడ్చుకుపోయాడు.

"ఈ ఏడు దండ వద్దు నాయనా! కసాయికి మనమే ఏరి పెడుతున్నాం," అంది.

"నీకెప్పుడూ రాదని ఏడుపు," అన్నాడు అధ్యక్షుడు, ఎముకలగూడులాంటి పొట్టేలు. దండ బొల్లమ్మ కొడుకు మెడలోనే పడింది.

రాత్రి వాడు నిద్రపోతుంటే బొల్లమ్మ ఆ దండంతా నమిలి మింగేసింది.

తెల్లారి లేచిన కొడుకు, తన మెడ బోసిగా ఉండడం చూసి లబోదిబోమన్నాడు. "నా పరువు తీశావే అమ్మా!"

సంఘం పరుగున ఇంకో దండ తెచ్చి వేసింది, ఈసారి రెండింతలు లావుది. దొడ్డి తలుపు కిర్రుమనగానే వాడు ఠీవిగా అందరికంటే ముందుకొచ్చి నిలబడ్డాడు.