మూడు హద్దుల బీట

"మా వాటాకి రెండు గజాలే!" అంటూ టేపు చుట్టేశాడు కేంద్రం ఇంజనీరు. వంతెన మీద నడిమి రోడ్డు ఆయనది, పక్కదారి రాష్ట్రం ఇంజనీరుది, కాలిబాట మున్సిపాలిటీ ఇంజనీరుది. బీట మాత్రం మూడింటినీ అడ్డంగా చీల్చుకుంటూ పోయింది.

"మాదీ రెండే. మూడు దాటితేనేగా వంతెన మూయాలి?" అన్నాడు రాష్ట్రం ఇంజనీరు.

"మాది ఒకటిన్నర. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? సిమెంటు పూస్తే సరి," అన్నాడు మూడో ఆయన.

హద్దులకు సుద్దగీతలు గీసిన మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "మొత్తం కలిపితే అయిదున్నర కదండీ?"

"కలిపి కొలిచే అధికారం మాలో ఎవరికీ లేదయ్యా," అన్నాడు కేంద్రం ఇంజనీరు.

"గీతలు నేను గీసినవండీ. బీటకేం తెలుసు?"

ముగ్గురూ నవ్వి సంతకాలు పెట్టారు. "అడ్డుకర్ర ఎత్తెయ్. పాపం, బడి బస్సు ఎప్పట్నించో ఆగివుంది."

బస్సు కిటికీలోంచి మేస్త్రి మనవరాలు చెయ్యి ఊపింది. ఇంత చదువుకున్నవాళ్లు ఊరికే సంతకం పెడతారా అనుకుంటూ మేస్త్రి కర్ర మీద చేతులు వేశాడు.

ముగ్గురి ఆఫీసులూ వంతెనకు అవతలే. అయినా మూడు జీపులూ వెనక్కి తిరిగి, ఒకదాని వెనక ఒకటి, పన్నెండు మైళ్ల చుట్టుదారి పట్టాయి.

బస్సు హారన్ మోగింది. మేస్త్రి కర్రను ఎత్తలేదు. బలమంతా పెట్టి కిందికి అదిమి పట్టుకున్నాడు.