దూలం ఎత్తు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. వాకిలికి అడ్డంగా కుర్చీ వేసుకుని నాయిన హనుమంతు, అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ నాయినమ్మ సత్యమ్మ, పశువుల కొట్టంలో అమ్మ పుష్పమ్మ, ఆమె ఎదురుగా దూలానికి వేలాడుతూ భవ్యశ్రీ.

"కాలు గోడకు ఆనిచ్చినవ్. దిగు," అంది పుష్పమ్మ. "మళ్ల మొదటినుంచి."

"జారిందమ్మా."

"నాపరాయి గోడ, జారక ఏం జేస్తది? కాలుతోని పనేంది నీకు? రెక్కల బలం మీద లెవ్వు."

భవ్యశ్రీ చేతులు దుమ్ములో అద్దుకుని, ఎగిరి మళ్లీ దూలం అందుకుంది. గడ్డం దూలం దాటింది. మోచేతులు పైకొచ్చాయి. ఒక కాలు దూలం మీదుగా వేసి అటువైపు దూకింది. గంప కింద కోడి ఉలిక్కిపడి అరిచింది.

"కోడి లేచింది," అంది పుష్పమ్మ. "దుంకితె పిల్లి దుంకినట్టుండాలె."

పోలీసు ఉద్యోగానికి రాత పరీక్ష పాసైనప్పటి నుంచి ఇదే వరస. ఈ మధ్యాహ్నమే వికారాబాద్‌లో దేహదారుఢ్య పరీక్ష. పరుగు, లాంగ్ జంప్, గుండు విసరడం, అంతే. పరుగు భవ్యశ్రీ కంది చేల గట్ల మీద తనంతట తనే నేర్చుకుంది. ఎదురింటి వాళ్లు చూస్తున్నారంటే తల వంచుకునే పిల్ల, తెల్లారకముందే లేచి ఊరి పొలిమేర దాకా ఉరికేది. దూలం మాత్రం అమ్మ పెట్టింది. మొదట వేలాడితే చాలంది. వేలాడాక గడ్డం దాటాలంది. గడ్డం దాటాక ఒళ్లంతా పైకి రావాలంది. ఒకటి అందుకుంటే ఇంకొకటి. ఏనాడూ శభాష్ అనలేదు.

"పరీక్షల దూలం లేదు కదమ్మా," అని ఒకసారి మెల్లగా అడిగింది.

"నాకు తెల్వదా? చెప్పింది చెయ్యి."

"ఎందుకో చెప్పరాదు?"

"నీ కడుపుల మాట ఆగుతదా? అంత మొహం మీదనే కనబడ్తది నీకు."

అరుగు మీద నుంచి సత్యమ్మ గొంతు పెంచింది. "ఇంట్ల పాత ఇనుమంత ఏసి ఉల్లిగడ్డలు తీసుకునె. ఇప్పుడు పిల్లను కోతిని జేస్తుంది. నా కోడలికి ఏం గాలి సోకిందో."

"కోతయితే నయం అత్తమ్మా," అంది పుష్పమ్మ. "ఎవలకు చిక్కది."

హనుమంతు నవ్వలేదు. కుర్చీలోంచి కదలకుండానే పిలిచాడు.

"బిడ్డా, గా ఫోను జర ఇటియ్యి."

గొంతు మెత్తగా ఉంది. అక్క వినీతను కూడా నాయిన ఇంత మెత్తగానే పిలిచాడు. నర్సింగ్ సీటు కోసం హైదరాబాద్ పోవాల్సిన రోజది. ఆ ఇంట్లో ఆడపిల్ల మీద చెయ్యెత్తరు. సత్యమ్మ అది నలుగురిలో గొప్పగా చెప్పుకుంటుంది కూడా. కంది బస్తాలు పేర్చే అర్ర గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. వేళ దాటితే పట్టుదల దానంతటదే దాటిపోతుందని ఆమె లెక్క. ఆ సాయంత్రం తలుపు తీసి వినీతకు వేడి అన్నంలో నెయ్యి వేసి పెట్టారు. ఇప్పుడామె దౌల్తాబాద్‌లో అత్తగారింట్లో ఉంది. ఫోన్ చేస్తే "బాగున్న" అంటుంది, ఇంకేమీ అనదు. అమ్మ నవ్వడం మానేసింది కూడా ఆ రోజు నుంచే.

భవ్యశ్రీ ఫోను ఇచ్చింది. హనుమంతు దాన్ని అంగీ జేబులో వేసుకున్నాడు.

"ఈయాళ ఎటు పోయేది లేదు."

"నాయినా, తాండూరుల రైలు..."

"పొద్దుగూకినంక మాట్లాడుదం తియ్యి." భార్య వైపు తిరిగాడు. "అర్ర ఖాళీయేనా?"

"కందులు మార్కెట్‌కు పోయినంక నిన్ననే ఊడ్చిన," అంది పుష్పమ్మ.

"నిచ్చెన?"

"బయటనే ఉంది. లోపల ఎక్కెటందుకు పుల్ల గూడ లేదు."

భవ్యశ్రీ అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ చూపు కలపలేదు. అయినా ఆశ చావక గడప పక్కకు చూసింది. రాత్రి తుడిచి పెట్టుకున్న బూట్లు అక్కడ లేవు.

"నా బూట్లేయి?"

"నేనే తీసిన," అంది పుష్పమ్మ. "వాటి ముచ్చట ఇడిసిపెట్టు."

ఇంటి వెనక బాటలో తాండూరు పోయే ఆటో హారన్ కొట్టింది. సత్యమ్మ చింత గింజలు ఒక్కొక్కటే గిన్నెలో పడుతున్న చప్పుడు.

హనుమంతు కుర్చీలోంచి లేవబోయాడు.

"నువ్వు కూసో," అంది పుష్పమ్మ. "నా బిడ్డ. గొళ్లెం నేనే ఏస్త."

"గట్లనే ఉండాలె తల్లంటే," అంది సత్యమ్మ.

పుష్పమ్మ కూతురి చెయ్యి పట్టుకుని అర్ర దాకా నడిపించింది. పట్టు ఎంత గట్టిగా ఉందంటే, భవ్యశ్రీ వేళ్లు తిమ్మిరెక్కాయి. గడప మీద ఆగిపోయింది.

"అమ్మా, నువ్వు గూడనా?"

పుష్పమ్మ ముఖం కదల్లేదు. వాకిట్లో మనిషికి వినపడేంత గట్టిగా అంది.

"పో. ఇగ లోపలనే ఏలాడుకో."

వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టి తలుపు మూసింది. బయట గొళ్లెం పడింది.

భవ్యశ్రీ ఖాళీ గది నడుమ నిలబడింది. నడుముకు దోపుకున్న హాల్‌టికెట్ గుచ్చుకుంటోంది. బస్తాలు అడ్డుండి ఎప్పుడూ చీకటిగా ఉండే అర్రలో పాదాల మీద ఎండ పడుతోంది. తలెత్తి చూసింది. వెనక గోడకు, కొట్టంలో దూలం ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో, ఇనుప ఊచలు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది.

కిటికీ అంచు మీద ఆమె బూట్లున్నాయి.