దోసిలి

“బిందె ముట్టుకోమాక! దోసిలి పట్టు, నేను పోస్తా,” అని అరిచింది చేను ఆసామి సామ్రాజ్యమ్మ.

మిరపకాయలు కొయ్యడానికి వచ్చి, చంటిబిడ్డను చెట్టు నీడన పడుకోబెట్టిన సుకాంతి చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. కూలీల్ని తెచ్చిన మేస్త్రీ గురవయ్య, దోసిలి ఎట్లా పట్టాలో ఆమెకు చేసి చూపించాడు.

“ఏ దేశపోళ్ళు గురవయ్యా వీళ్ళు?”

“మన దేశమేనమ్మా. ఒరిస్సా.”

“ఏం మన దేశం! మన మాట తెలీదు, మన పద్ధతి తెలీదు.”

అంతలో కల్లంలో ఆడుతున్న మనవడు కెవ్వుమన్నాడు. ఎండుమిరపకాయలు నలిపిన చేత్తోనే కన్ను నులుముకున్నాడు. సామ్రాజ్యమ్మ పరుగెత్తి వాణ్ణి ఎత్తుకుంది.

“నీళ్ళు కొడదామా అమ్మా?”

“మంట ఇంకా ఎక్కువైద్దయ్యా! చనుబాలు పిండాలి. ఇప్పటికిప్పుడు బాలింతని యాడ తెచ్చేది?”

ఆ మాటలేవీ అర్థంకాని సుకాంతి అప్పటికే వాళ్ళ పక్కన కూర్చుని, కొంగుతో చేతులు గట్టిగా తుడుచుకుంటోంది. పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. రెప్ప విప్పి పట్టుకోమని సామ్రాజ్యమ్మకు గడ్డంతో సైగ చేసి, వాడి కంట్లో తన పాలు పిండింది.

సామ్రాజ్యమ్మ గురవయ్య వంక చూసింది.

“నేనేం చెప్పలేదమ్మా,” అన్నాడతను.

కాసేపటికి పిల్లాడి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. వాణ్ణి నాయనమ్మకిచ్చి సుకాంతి లేచింది. ఇందాక తాగని నీళ్ళ కోసం బిందె దగ్గరకు నడిచి, దానికి తగలకుండా ఎడంగా వంగి, ఎవరూ చెప్పకుండానే దోసిలి పట్టింది.

సామ్రాజ్యమ్మ చెంబు ముంచింది గానీ, ఎత్తి పొయ్యడానికి చేతులు రాలేదు.